లెనిన్ సెంటరు: ఒక పరదేశి పేరు తెలుగు కూడలిలో నిలిచిన తీరు



ఒక ఊరి చరిత్రను తెలిసికొనుటకు శాసనములు, కైఫీయతులు, ప్రభుత్వ దస్తావేజులు ఆధారములని మనము తరగతిలో చదువుకొనుచున్నాము. ఇవి అందరికి సులభముగా అందునవి కావు. శాసనము చదువుటకు పాత లిపి రావలెను. దస్తావేజు చూచుటకు కార్యాలయముల చుట్టు తిరుగవలెను. కాని ఏ శ్రమయు లేకుండ ప్రతి మనిషికి అందు ఆధారమొకటి కలదు. అది వీధి పేరు. దానిని దినమునకు పదిమార్లు పలుకుదుము. దాని అర్థమును మాత్రము ఎన్నడును అడుగము.

ఈ వ్యాసమున అట్టి ఒక పేరును గూర్చి విచారింతము. విజయవాడ నగరమున గవర్నరుపేట ప్రాంతములో, ఏలూరు రోడ్డు మీద, లెనిన్ సెంటరు అను కూడలి ఉన్నది. అక్కడ లెనిన్ విగ్రహము నిలిచి ఉన్నది. ఆ పరిసరములలోనే పాత పుస్తకముల అంగళ్లు వరుసదీరి ఉన్నవి. మన నెల్లూరు జిల్లా పడమటి తాలూకాల నుండి పైచదువులకై విజయవాడ చేరిన పిల్లలు సైతము, చౌకగా పుస్తకము కావలెనన్నచో, ఆ కూడలి పేరే వినుచుందురు. భారతదేశమున ఎన్నడును కాలు మోపని ఒక రష్యా రాజకీయ నాయకుని పేరు కృష్ణాతీరమున జనుల నాలుకపై ఎట్లు నిలిచినది? నిలిచి, ఏ పని చేయుచున్నది? ఇవియే మన ప్రశ్నలు.

పరదేశి పేర్లు: మూడు తెరగులు

మన ఊళ్లలో పరదేశీయుల పేర్లు క్రొత్త కాదు. అవి వచ్చిన త్రోవను బట్టి వానిని మూడు తెరగులుగా విభజింపవచ్చును.

మొదటిది, నివాసము వలన వచ్చిన పేరు. మచిలీపట్నమున వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేటలు కలవు. వలందులనగా హాలెండు దేశీయులు, పరాసులనగా ఫ్రెంచివారు. పదిహేడవ శతాబ్దమున ఈ జాతులవారు కలంకారీ వస్త్రములకును, ఇతర సరకులకును ఆ రేవునకు వచ్చి వర్తకము సాగించిరి. ఈ పేర్లను ఏ సభయు తీర్మానించి పెట్టలేదు. "వారుండు చోటు" అని ఇరుగుపొరుగులు చెప్పుకొనగా చెప్పుకొనగా అవి స్థిరపడినవి.

రెండవది, అధికారము వలన వచ్చిన పేరు. మన జిల్లా కేంద్రమైన నెల్లూరులో స్టోన్‌హౌస్‌పేట ఉన్నది. అది స్టోన్‌హౌస్ అను ఆంగ్లేయ కలెక్టరు పేరు. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట ఇట్టివే. నేడు స్టోన్‌హౌస్‌పేటలో పప్పు, బియ్యము, నూనె బేరము చేయువారిలో ఆ దొర ఎవరో తెలిసినవారు అరుదు. దొర పోయినాడు, దొరతనము పోయినది, పేట మిగిలినది. పేరు ఇప్పుడు మనిషిని కాక చోటును మాత్రమే తెలుపుచున్నది.

మూడవది, అభిమానము వలన వచ్చిన పేరు. ఇందులో పరదేశి ఇక్కడ నివసింపలేదు, ఇక్కడ పాలింపలేదు. దూరమున నున్న అతనిని ఇక్కడివారు కొందరు మెచ్చి, కోరి తెచ్చుకొనిరి. లెనిన్ సెంటరు ఈ మూడవ తెరగునకు చెందినది. మొదటి రెండింటిలో జనుల ఇష్టానిష్టములతో పనిలేదు. మూడవదానిలో ఇష్టమే మూలము. కనుకనే వివాదమునకు కూడ అదియే మూలమగుచున్నది.

ఇట్టి పేర్లు ఇతర నగరములందును కలవు. ఢిల్లీలో టిటో, నాసర్, ఓలోఫ్ పాల్మే, నెల్సన్ మండేలా పేర్లతో మార్గములున్నవి. కలకత్తాలో ధర్మతలా వీధి లెనిన్ సరణి అయినది. హారింగ్టన్ వీధి హో చి మిన్ సరణి అయినది. అమెరికా కాన్సులేటు ఉన్నది ఈ రెండవ వీధిలోనే. వియత్నాం యుద్ధము నడచుచుండగా అమెరికా వారి చిరునామాలోనే వారి ప్రత్యర్థి నాయకుని పేరు చేర్చుట ఎంతటి రాజకీయమో ఊహించుకొనుడు. 2025 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదులోని అమెరికా కాన్సులేటు ప్రక్క రోడ్డునకు డొనాల్డ్ ట్రంప్ పేరు పెట్టు ప్రతిపాదనను ప్రకటించినది. రెండు నగరములు, రెండు కాన్సులేటులు, రెండు భిన్నమైన ఉద్దేశములు. వీధి పేరు ఒక దేశము మరియొక దేశముతో మాటాడు భాష కూడ అని దీనివలన తెలియుచున్నది.

ఎవరీ లెనిన్?

లెనిన్ అసలు పేరు వ్లదీమిర్ ఇల్యీచ్ ఉల్యానవ్. 1870 ఏప్రిల్ 22న వోల్గా తీరమున సింబిర్స్క్ పట్టణమున జన్మించెను. 1917 నవంబరులో రష్యాలో అధికారము చేపట్టిన బోల్షెవిక్ పక్షమునకు నాయకుడు. 1924 జనవరి 21న మరణించెను. భూమిని రైతులకు పంచుట, తాత్కాలిక ప్రభుత్వమును కూలద్రోయుట అతని పేరుతో ముడిపడియున్నవి. ఎన్నికైన రాజ్యాంగ సభను 1918లో రద్దు చేయుట, ఎదురు పక్షములను అణచుట, రహస్య పోలీసు వ్యవస్థను నెలకొల్పుట కూడ అతని పేరుతోనే ముడిపడియున్నవి. చరిత్ర విద్యార్థి ఈ రెండింటిలో ఒకటి చదివి రెండవది విడువరాదు.

అతనికి భారతదేశముతో సంబంధమేమియు లేకపోలేదు. 1908లో బాలగంగాధర తిలక్‌నకు ఆంగ్ల ప్రభుత్వము ఆరేండ్ల ప్రవాస శిక్ష విధించినప్పుడు బొంబాయి మిల్లు కార్మికులు సమ్మె చేసిరి. ఆ సంగతిని లెనిన్ తన వ్యాసమొకదానిలో ప్రస్తావించి, భారత కార్మికులు రాజకీయముగా మేల్కొనుచున్నారని సంతోషించెను.

మన విషయమునకు మరింత దగ్గరైన సంగతి ఇంకొకటి కలదు. 1902లో లండనులో ప్రవాసియై ఉన్నప్పుడు అతడు జేకబ్ రిక్టర్ అను మారుపేరుతో బ్రిటిష్ మ్యూజియం పఠనాలయమున సభ్యత్వము పొందెను. సొంత పుస్తకములు కొనలేని బీద పాఠకులకు ఆ పఠనాలయము ఆశ్రయము. ఇతరుల పుస్తకములపై ఆధారపడి చదివిన మనిషి పేరు, పాత పుస్తకముల అంగళ్లున్న కూడలికి దక్కినది. ఇది ఎవరును ఆలోచించి చేసినది కాకపోవచ్చును. అయినను పొందిక కుదిరినది.

తెలుగునాట, ఉర్దూలోకమున

లెనిన్ పేరు విజయవాడకు గాలిలో ఎగిరివచ్చినది కాదు. ఆ నగరము తెలుగునాట కమ్యూనిస్టు ఉద్యమమునకు ముఖ్యస్థానము. విశాలాంధ్ర దినపత్రిక 1952లో అక్కడనే వెలసినది. భారత కమ్యూనిస్టు పార్టీ ఆరవ మహాసభ 1961లో అక్కడ జరిగినది. పార్టీ 1964లో చీలిన పిదప, మార్క్సిస్టు పార్టీ పదునొకండవ మహాసభ 1982లో జరిగినది కూడ అక్కడనే. ఇన్ని దశాబ్దముల రాజకీయము ఒక నగరమున పేరుకొన్నప్పుడు దాని జాడ కూడళ్ల మీద పడుట సహజము.

రాజకీయమునకు తోడుగా పుస్తకము నడచినది. గోర్కీ నవల 'అమ్మ'ను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసెను. పిమ్మట మాస్కోలోని ప్రగతి, రాదుగ, మీర్ ప్రచురణాలయములు తెలుగులోనే పుస్తకములు అచ్చువేసి పంపినవి. ఉప్పల లక్ష్మణరావు వంటి తెలుగువారు మాస్కోలో నివసించి రష్యను నుండి నేరుగా అనువదించిరి. కథలు, నవలలు, పిల్లల బొమ్మల పుస్తకములు, విజ్ఞానశాస్త్ర గ్రంథములు గట్టి అట్టలతో, మంచి కాగితముపై, బీదవారు సైతము కొనగల వెలకు వచ్చినవి. వీనిలో ప్రచారము లేదనలేము. కాని టాల్‌స్టాయి, చెహోవ్ తెలుగు పాఠకుని ఇంటికి వచ్చినది చాలవరకు ఆ బండి మీదనే.

ఉర్దూ సాహిత్యమునకును ఈ పేరు పరాయిది కాదు. అల్లామా ఇక్బాల్ 1935లో వెలువరించిన 'బాల్-ఎ-జిబ్రీల్' సంపుటములో, లెనిన్ దేవుని సన్నిధిలో నిలిచి మాటాడినట్లు ఒక కవిత కలదు. దేవుని లేడన్న మనిషిని దేవుని ఎదుటనే నిలిపి, కూలివాని కష్టమును అతని నోటనే పలికించుట ఇక్బాల్ ప్రతిభ. ఇక్బాల్ కమ్యూనిస్టు కాడు, దృఢమైన విశ్వాసి. తన మార్గము విడువకయే ఎదుటివానికి మాటాడు అవకాశమిచ్చుట ఎట్లో ఆ కవిత నేర్పుచున్నది. హైదరాబాదు కవి మఖ్దూం మొహియుద్దీన్ త్రోవ వేరు. ఆయన ఉర్దూ కవిగాను, కమ్యూనిస్టు నాయకుడుగాను జీవించి 1969లో మరణించెను. ఒకే పేరును ఒక విశ్వాసి ఒకరీతిగా, ఒక ఉద్యమకారుడు మరియొకరీతిగా స్వీకరించిరి. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండును వినబడును గనుక ఈ పోలిక మనకు మరింత ఉపయోగకరము.

మార్క్సు ఏల నిలువలేదు?

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్నకు వత్తము. లెనిన్ సెంటరు మీదుగా పోవు ఏలూరు రోడ్డునకు కారల్ మార్క్సు రోడ్డు అను పేరు కూడ ఉన్నది. పాత తెలుగు పుస్తకములు మీ ఇంటనున్నచో లోపలి పుటలు తిరగవేసి చూడుడు. నవోదయ పబ్లిషర్స్ చిరునామాలో "కారల్ మార్క్స్ రోడ్, విజయవాడ" అని అచ్చుపడి కనిపించును. కాని విజయవాడలో రిక్షావానిని, ఆటోవానిని మార్క్సు రోడ్డునకు పొమ్మని అడుగువారు లేరు. అందరును ఏలూరు రోడ్డనియే అందురు. లెనిన్‌కు గురువైన మార్క్సు పేరు కాగితము మీదనే ఉండిపోయినది. శిష్యుని పేరు జనుల నోట నిలిచినది. దీనికి కారణమేమి?

మొదటి కారణము, పాత పేరు చేయు పని. ఏలూరు రోడ్డు అనునది దిక్కును చెప్పు పేరు. ఆ దారి పట్టిన ఏలూరు చేరుదుము. ఇంతటి ఉపయోగమున్న పేరును క్రొత్త పేరు త్రోసివేయజాలదు. మన జిల్లా సంగతియే చూడుడు. 2008లో అమరజీవి పొట్టి శ్రీరాములు పేరును జిల్లా పేరునకు ముందు చేర్చిరి. ఆయన యెడ గౌరవము లేనివారు తెలుగునాట ఉండరు. అయినను బస్సెక్కి "నెల్లూరు" అనియే టిక్కెట్టు అడుగుదుము. ఇది అగౌరవము కాదు, నాలుక అలవాటు.

రెండవ కారణము, కంటికి కనిపించు గుర్తు. రోడ్డు పొడవైనది, దానికి ముఖము లేదు. కూడలికి ముఖము కావలెను. "ఎక్కడ దిగవలెను? ఎక్కడ కలిసికొందము?" అను ప్రశ్నకు జవాబు కూడలియే. కోస్తా జిల్లాలలో ఈ కూడలిని సెంటరు అందురు. తెలంగాణమున చౌరస్తా అందురు. రాయలసీమలో సర్కిలు అందురు. మాట ఏదైనను అవసరము ఒకటే. విగ్రహము ఆ అవసరమును తీర్చినది.

మూడవ కారణము అన్నిటికంటె ముఖ్యము. ఆ పేరు జనులకొక పనికి ఉపయోగపడినది. తెలుగు ప్రచురణకర్తలు, పుస్తక విక్రేతలు ఏలూరు రోడ్డు పరిసరములలో స్థిరపడిరి. వారి నీడలో పాత పుస్తకముల అంగళ్లు వెలసినవి. పాఠ్యగ్రంథములు, గైడులు, నిఘంటువులు, పోటీ పరీక్షల పుస్తకములు, ఎవరో చదివి అమ్మివేసిన నవలలు, వారపత్రికల నుండి చించి కుట్టించిన ధారావాహికలు అక్కడ దొరకును. చదువు ముగిసిన పిదప పుస్తకమును తిరిగి ఇచ్చి కొంత సొమ్ము రాబట్టుకొనువారును కలరు. ఒక పుస్తకము నలుగురు విద్యార్థుల చేతులు మారును. నలుగురి అడుగుగీతలు, నలుగురి గురుతులు దానిలో చేరును. ఈ రీతిగా లెనిన్ సెంటరు అను మాటకు "చౌకగా పుస్తకము దొరకు చోటు" అను క్రొత్త అర్థము ఏర్పడినది. ఆ అర్థమే ఆ పేరును కాపాడినది.

కావున మనకు తేలిన సూత్రమిది: పేరు పెట్టుట పెద్దల చేతిలో ఉన్నది, పేరు నిలుపుట జనుల చేతిలో ఉన్నది.

పేరు తీసివేయవలెనా?

1924లో లెనిన్ మరణింపగా పెత్రోగ్రాద్ నగరమునకు లెనిన్‌గ్రాద్ అని పేరు పెట్టిరి. 1991లో ఆ నగరవాసులే ఓటు వేసి పాత పేరైన సెయింట్ పీటర్స్‌బర్గును తిరిగి తెచ్చుకొనిరి. ఆ డిసెంబరులోనే సోవియట్ యూనియను అంతరించినది. 2013 డిసెంబరులో ఉక్రెయిను రాజధాని కీవ్‌లో లెనిన్ విగ్రహమును పడగొట్టిరి. 2018 మార్చిలో మన దేశముననే త్రిపురలోని బెలోనియాలో అతని విగ్రహమును కూల్చిరి. విజయవాడ కూడలికి తెలుగు మహనీయుని పేరు పెట్టవలెనను మాట కూడ వినవచ్చినది.

ఇరుపక్షముల వాదములను న్యాయముగా వినవలెను. మన గడ్డ మీద మనవారి పేరు ఉండవలెననుట తప్పు కోరిక కాదు. కవులకు, పండితులకు, త్యాగధనులకు మనకు కొదువ లేదు. సొంత దేశములోనే తిరస్కరింపబడిన నాయకుని మనము మోయనేల అను ప్రశ్నయు విచారింపదగినదే. రెండవ పక్షము వారు చెప్పునది వేరు. ఆ పేరు నేడు రష్యా చరిత్ర కాదు, విజయవాడ చరిత్ర. దానిని చెరిపినచో చెరుగునది లెనిన్ కాదు, ఒక తరము తెలుగువారి ఆశలు, చదువులు, వాదోపవాదములు అని వారందురు. గవర్నరుపేట అను దొరతనపు పేరును ఉంచుకొని లెనిన్ పేరును మాత్రము పరాయిదనుట సరికాదని కూడ వారు చెప్పవచ్చును.

ఈ వ్యాస రచయిత అభిప్రాయమేమనగా, పేరు మార్చుట కంటె ముందు ఆ పేరు క్రింద జరుగు పనిని గమనింపవలెను. మాస్కో తెలుగు పుస్తకముల అచ్చు ఆగి మూడు దశాబ్దములు దాటినది. క్రొత్త ప్రతులు పంపు ఆ ప్రచురణాలయములు లేవు. నేడు ఆ పాత ముద్రణలు చేతికి తగులునది ఇట్టి అంగళ్లలోనే. ఒక రాజ్యము అంతరించినది. అది అచ్చువేసిన పుస్తకములు దాని స్థాపకుని పేరుగల కూడలిలో చేతులు మారుచున్నవి. ఇక చేతిఫోనులో పాఠములు చదువు ఈ కాలమున పాత పుస్తకముల బేరము సన్నగిల్లుట సహజము. ఆ అంగళ్లు మూతపడిన నాడు, పేరు ఉంచినను ఉంచకున్నను, లెనిన్ సెంటరు అను మాటలోని జీవము పోవును. బీద విద్యార్థికి ఒక ఆసరా తగ్గును. పేరును గూర్చి వాదించువారు ఇరువురును ఈ నష్టమును గూర్చి కూడ ఆలోచింపవలెను.

మన వీధులు, మన పని

ఈ చర్చ అంతయు దూరపు నగరమునకు సంబంధించినదని తలపరాదు. మన ఉదయగిరి పేరెన్నికగన్న దుర్గము. కృష్ణదేవరాయలు గజపతుల నుండి దీనిని 1514లో గెలిచెను. కాని నేడు ఉదయగిరి పేరును దూర దేశములకు మోయునది దుర్గము కాదు, కొయ్య చెంచాలు, గరిటెలు. నర్ది, బిక్కి వంటి కొండకొయ్యలతో ముస్లిం కుటుంబములవారు, ముఖ్యముగా స్త్రీలు, వానిని చెక్కుచున్నారు. ఈ పనితనమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ పని జరుగు దిలావర్ భాయి వీధిని తలచుకొనుడు. అందులో విదేశ నాయకుడు లేడు, విగ్రహము లేదు. 'భాయి' అను ఆత్మీయమైన పిలుపు మాత్రమున్నది. అయినను లెనిన్ సెంటరునకు పుస్తకమెట్లో ఈ వీధికి చెంచా అట్లు. రెండింటిని నిలుపుచున్నది చేతిపనియే.

ఆత్మకూరు సంగతియు ఇట్టిదే. ఆంధ్రదేశమున ఆత్మకూరులు అనేకము కలవు. వానినుండి వేరుపరచుటకు మన ఊరిని "నెల్లూరు ఆత్మకూరు" అనవలసి వచ్చుచున్నది. మన చుట్టుపట్ల నిన్నమొన్న పెట్టిన పేర్లును కలవు. 2022లో సంగము వద్ద పెన్నపై ప్రారంభించిన బ్యారేజికి, ఆత్మకూరు శాసనసభ్యుడై మంత్రిగా ఉండి ఆ సంవత్సరమే మరణించిన మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు పెట్టిరి. పేరు పెట్టుటను మన కండ్లతోనే చూచితిమి. అది జనుల నోట ఏ రూపమున నిలుచునో గమనించు అవకాశము కూడ మనకే కలదు.

కావున కళాశాల విద్యార్థులకు ఒక సూచన. సెలవులలో ప్రతివారు తమ ఊరిలోని పది వీధుల పేర్లను వ్రాసికొనవలెను. ప్రతి పేరునకు నాలుగు ప్రశ్నలు వేయవలెను: ఫలకము మీద ఏమని ఉన్నది? జనులు ఏమని పిలుచుచున్నారు? ఆ పేరు నివాసము వలన వచ్చినదా, అధికారము వలన వచ్చినదా, అభిమానము వలన వచ్చినదా? ఆ వీధిలో ఇప్పుడు జరుగు పని ఏమి? తెలుగువారు చెప్పిన పేరును, ఉర్దూ మాటాడువారు చెప్పిన పేరును ప్రక్కప్రక్కన వ్రాసికొనవలెను. ఒకే సందు ఒకరికి వీధి, మరియొకరికి గల్లీ కావచ్చును. ఇంటిలోని పెద్దలు బ్రతికి ఉండగానే అడుగవలెను. కళాశాల గ్రంథాలయమున ఒక నోటుపుస్తకము తెరచి వీనిని ఏటేట చేర్చుచు పోయినచో, పది సంవత్సరములలో పడమటి నెల్లూరు వీధుల చరిత్ర మన చేతివ్రాతతోనే సిద్ధమగును. కళాశాల కమిటీవారు ఇందుకు ఒక బీరువాలో చోటు, ఒక అధ్యాపకుని పర్యవేక్షణ కల్పించిన చాలును.

మరియొక చిన్న పని కూడ ఉన్నది. పరీక్షలు ముగిసిన పిదప మీ పుస్తకములను చిత్తు కాగితముల వానికి తూకమునకు వేయకుడు. వచ్చు సంవత్సరపు విద్యార్థికి సగము వెలకో, వెల లేకయో ఇండు. అప్పుడు లెనిన్ సెంటరులో జరుగు మంచిపని మన కళాశాల వరండాలోనే జరుగును. దానికి ఎవరి పేరు పెట్టవలెనో తొందరపడి నిర్ణయింప నక్కరలేదు. పని నాలుగేండ్లు నడచినచో పేరును జనులే పెట్టుదురు.